నాలుగో వామి

జైలు నుంచి,
24 నవంబరు 2025

అక్కకి,

క్రాంతి నమస్కారాలు. బతికే ఉన్నాను. ముందు ఆ మాట రాస్తే మిగతాది నెమ్మదిగా చదువుతావని రాశాను.

నా ఫోను పోలీసుల దగ్గర ఉంది. ఇక్కడి నుంచి వారానికి ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు గానీ నీ నంబరు పరిశీలనకి పంపారట. అది ఎప్పుడు తిరిగొస్తుందో ఎవరికీ తెలియదు. ములాఖాత్‌కి రావద్దు. పై పళ్ళు రెండు పోయాయి, ఎడమ కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. మొదటి రెండు రోజులు చచ్చిపోయినవాడి ఊరి తాలూకు మనుషులు బ్యారక్‌లో నన్ను వంతులు వేసుకుని కొట్టారు. నా మొహం నువ్వు ఇప్పుడు చూడకూడదు. అందుకని ఉత్తరాలు రాసుకుందాం. నేను హాస్టల్లో ఉన్నప్పుడు రాసేదానివిగా.

దీనికో పద్ధతి ఉంది. వచ్చేదైనా పోయేదైనా ప్రతి ఉత్తరం జైలు ఆఫీసులో విప్పి చదవాలి. ఇక్కడ తెలుగు వచ్చినవాడు ఒక్కడూ లేడు. అందుకని నేనే ముంషీ ఎదురుగా నిలబడి హిందీలో చదివి వినిపిస్తాను, అతను సారాంశం రిజిస్టరులో రాసుకుని ముద్ర వేస్తాడు. ముంషీ అంటే ఉద్యోగి కాదు, నాలాంటి ఖైదీయే. చదువుకున్నవాడని ఆఫీసు రాతకోతలకి కూర్చోబెట్టారు. ఈ కాగితం అతనే ఇచ్చాడు. నువ్వు ఏం రాసినా భయపడకు, నేను ఏం చదివితే అదే నీ ఉత్తరం.

పేపర్లలో ఏదేదో వచ్చి ఉంటుంది. జరిగింది ఇది. మా ప్లాంటు పని నీకు తెలుసు. కోత మిషను పోయాక పొలంలో మిగిలే వరిగడ్డిని, ఇక్కడివాళ్ళ పరాలీని, యంత్రంతో కట్టలు కట్టించి తెస్తాం. పొడి చేసి, వేలెడంత పెల్లెట్లుగా నొక్కి, కరెంటు తయారుచేసేవాళ్ళకి బొగ్గులో కలుపుకోవడానికి పంపుతాం. ఆ గడ్డి నిలవచేసే యార్డు నా చేతి కింద ఉంది. నవంబరు 13 మధ్యాహ్నం నాలుగో వామి అంటుకుంది. బడ్‌ఖేడీ రైతు సత్‌బీర్ అక్టోబరంతా మా గేటు దగ్గరికొచ్చి, ‘నా పొలంలో గడ్డి ఎత్తకపోతే నీ యార్డు తగలబెడతా’ అని అరిచిన మనిషి. అందరూ విన్నారు. పొగ లేచిన పది నిమిషాలకి అతనే ట్రాక్టరు వేసుకుని, వెనక ట్యాంకరుతో గేట్లో ఉన్నాడు. కూలీలు, గార్డులు చుట్టుముట్టారు. వాళ్ళ చేతుల్లో కట్టలు లాగే ఇనప కొక్కేలున్నాయి. నేను కొట్టలేదు. ‘వాడే’ అన్నాను, అంతే. సాయంత్రానికి ఆసుపత్రిలో పోయాడు.

నిప్పు పెట్టిన కేసు అతని మీదా అతని తమ్ముడి మీదా ఉంది. చంపిన కేసులో మేం పదకొండు మందిమి. నేను కొట్టలేదని నువ్వు నమ్మితే చాలు.

ఒక దుప్పటి పంపు. తేజశ్రీకి పరీక్షలు కదా, ఈ గొడవ దాని చెవిన వెయ్యకు.

నీ తమ్ముడు,
క్రాంతి

సరోజినీ నగర్,
3 డిసెంబరు 2025

ఒరేయ్ క్రాంతీ,

నీ ఉత్తరం నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివాను. తర్వాత వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను. అయిపోయింది, ఇక ఏడవను. నీ పళ్ళు రాలగొట్టినవాళ్ళ చేతులు పడిపోను. అమ్మ పోయాక నీ పాలపళ్ళు ఊడినప్పుడు నేనే కదురా గడపలో పాతిపెట్టింది.

తేజశ్రీ చెవిన వెయ్యద్దంటావు. అది ఫోన్లో వీడియో నాకంటే ముందే చూసింది. ఎవరో గోడెక్కి తీశారట. అందులో పొగా, అరుపులూ తప్ప నీ మొహం లేదు. ‘మామూనే కుఛ్ నహీ కియా’, మామయ్య ఏమీ చెయ్యలేదు అని రోజుకి పదిసార్లు అంటుంది, ఎవరూ అడగకపోయినా. మీ బావ సంగతి నీకు తెలుసు. సెక్షన్ ఆఫీసరుగారి బావమరిది హంతకుడని కింది ఫ్లోరులో చెవులు కొరుక్కుంటున్నారట. జైలు రిజిస్టరులో తన పేరు గానీ నా పేరు గానీ ఎక్కితే ప్రమోషను పోతుందట. ప్రమోషను పోతే మళ్ళీ వస్తుంది, నాకు తమ్ముడు మళ్ళీ రాడు అన్నాను. రెండు రోజులుగా మాటల్లేవు. ప్రశాంతంగా ఉంది.

ద్వారకలో సదాశివరావుగారని మన తెలుగాయన, లాయరు. ఆయన్ని కుదిర్చాను. ఒకటే మాట చెప్పాడు. “అమ్మా, ఆ అన్నదమ్ములు నిప్పు పెట్టారన్నది నిలబడాలి. అది నిలబడితే మనవాళ్ళది ఉద్రేకంలో జరిగిపోయిన పని అవుతుంది, బెయిలు అడగొచ్చు. అది కూలిపోతే మీవాడిని నేను కాదు గదా, ఎవరూ బయటికి తేలేరు.” కాబట్టి ధైర్యంగా ఉండు. ఆ సత్‌బీర్ గేటు దగ్గర అరిచింది విన్నవాళ్ళు అరవైమంది ఉన్నారు. నిప్పు లేనిదే పొగ రాదు.

మార్కెట్లో స్వెట్టర్లు రెండు కొన్నాను. ఒకటి నీకు, ఒకటి కాగితం ఇచ్చిన ఆ ముంషీకి. మనిషి కొలత తెలియదు గనక మీ బావ కొలతకే తీసుకున్నాను, ముదురు ఆకుపచ్చ. అలాంటివాడిని మంచి చేసుకుని ఉంచుకో. దుప్పటి కూడా ఈ పార్సిల్లోనే.

నాకొకటి తోస్తూ ఉంటుంది. మన ఊళ్ళో సీతారామయ్య పెదనాన్న వామి వేసిన తర్వాత మూడో రోజూ, వారానికీ గునపం దింపించేవాడు గుర్తుందా? కాసేపు ఉంచి లాగి, అరచేతిలో పట్టుకుని పది లెక్కపెట్టమనేవాడు. పది దాకా పట్టుకోగలిగితే వామి క్షేమం. లేకపోతే లోపల చెమ్మ ఉడుకుతున్నట్టు, భోజనాలు మానేసైనా సరే వామి విప్పెయ్యాల్సిందే. నువ్వు ఏడుకే వదిలేసి ఎనిమిది, తొమ్మిది గబగబా చెప్పేవాడివి. ఇంత గడ్డి పెట్టుకున్నారు కదా, మీ దగ్గర ఎవరూ అలా చూడరా? ఊరికే అడిగాను.

అన్నట్టు నీ చెయ్యి మానిందా? గొడవకి ముందు ఆదివారం కట్టుతో వచ్చావు, బండి సైలెన్సరు తగిలిందన్నావు. అరచెయ్యి పుండు త్వరగా మానదు. కొబ్బరినూనె దొరుకుతుందేమో అడుగు.

మీ అక్క,
సీతారత్నం

జైలు నుంచి,
14 డిసెంబరు 2025

అక్కకి,

పార్సిలు వచ్చింది. దుప్పటి వచ్చిన మర్నాడే ఒకడు లాక్కున్నాడు. నేను వదల్లేదు. వాడు అన్నం గరిటెతో నా చెవి మీద కొట్టాడు, నేను వాడి మోచెయ్యి కొరికాను. నోట్లో నెత్తురు ఎవరిదో తెలియలేదు. ఇంకో నలుగురు లేచి నన్ను గోడకి అదిమారు. ఒకడు బెల్టు తీశాడు. అప్పుడు ఆఫీసు నుంచి ముంషీ వచ్చాడు. గొంతు పెంచలేదు. “ఇసే ఛోడో. యే మేరా హై” అన్నాడు. వీణ్ణి వదలండి, వీడు నావాడు అని. వదిలేశారు. ఈ నరకంలో నన్ను నావాడన్న మనిషి అతనొక్కడే.

స్వెట్టరు ఇస్తే చాలాసేపు చేత్తో తడిమి చూశాడు. మీ దీదీ నా కోసం ఎందుకు కొన్నది అన్నాడు. నా తమ్ముడికి కాగితం ఇచ్చినవాడు అని కొన్నది అన్నాను. వేసుకున్నాడు. సరిపోయింది.

ఇక నీ ఉత్తరం. ఆ గునపం గోల ఎందుకు రాశావు? ఇది పెదనాన్న దొడ్డి కాదు, వేల టన్నుల యార్డు. తేమ చూసే మీటర్లున్నాయి, లెక్క ప్రకారం వామికీ వామికీ మధ్య ఖాళీ వదులుతాం. నీకు తెలియని విషయాల్లో తల దూర్చకు. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నాకు హిందీ తోచలేదు. మాగాయ పచ్చడి ఎలా పెట్టాలో రాసిందని చెప్పాను. ముంషీ కలం ఆపి, “ఇంత పొడుగు పచ్చడా?” అన్నాడు.

లాయరు కూడా ఇలాంటి ప్రశ్నలే వెయ్యమన్నాడా? నువ్వు కూడా నన్ను అనుమానిస్తే చెప్పు, ఉత్తరాలు ఆపేస్తాను. సత్‌బీర్ నిప్పు పెట్టాడు. అందరూ విన్నారు, అందరూ చూశారు. చెయ్యి మానింది. ఇంకెప్పుడూ దాని గురించి అడగకు.

క్రాంతి

సరోజినీ నగర్,
24 డిసెంబరు 2025

క్రాంతీ,

నేను అడిగింది నాలుగు ముక్కలు, నువ్వు తిట్టింది పేజీడు. పదేళ్ళు అన్నం కలిపి పెట్టిన చెయ్యి కదా, పొగరుగా రాశావని బాధపడ్డాను. తర్వాత ఆ ఉత్తరం మళ్ళీ చదివాను. దొంగకు తేలు కుట్టినట్టు ఎందుకురా నీకా ఉలికిపాటు?

22న కోర్టుకి వెళ్ళాను. నిన్ను తెర మీద చూపిస్తారని తెలిసి వెళ్ళాను. అర నిమిషం కనిపించావు, అదీ పక్కకి తిరిగి. బయటికి వచ్చి మెట్ల మీద నిలబడితే వెనక నుంచి ఎవరో జుట్టు పట్టి లాగారు. పడ్డాను. లేచేలోగా చెంప మీద రెండు పడ్డాయి. సత్‌బీర్ పెళ్ళాం, ధరమ్‌వతి అని. నా వయసే ఉంటుంది. నేనూ ఊరుకోలేదు. దాని ముంజెయ్యి మెలిపెట్టి గోడకేసి కొట్టాను. గాజులు పగిలి ఇద్దరికీ నెత్తురొచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో దాని గొంతు నొక్కెయ్యాలనిపించింది. మనింటి ఆడదానికి అంత కసి ఉంటుందని నాకే తెలియదు. ఆడ పోలీసు వచ్చి విడదీసింది.

ఆవిడ అరుస్తూనే ఉంది. అరిచింది మూడే మాటలు, మళ్ళీ మళ్ళీ. “మా గడ్డి అక్టోబరు ఇరవయ్యేడునే ఎత్తుకుపోయారు. ఐదో తారీఖుకి గోధుమ చల్లేశాం. ఇంక నా మొగుడికి మీతో ఏం పనుంది? పొగ చూసి ట్యాంకరుతో నీళ్ళు తెచ్చాడు. నీళ్ళు తెచ్చాడు.”

సదాశివరావుగారు నా భుజం పట్టి కారు దగ్గరికి నడిపించాడు. “పట్టించుకోకండి, వాళ్ళు అలాగే అంటారు” అన్నాడు. ద్వారక దాకా పట్టించుకోలేదు. మెట్రో ఎక్కాక పట్టించుకోవడం మొదలుపెట్టాను. గడ్డి ఎత్తేశాక ఏ రైతు గొడవకొస్తాడురా? మనం రైతుల పిల్లలం కాదా?

ఇంటికొచ్చేసరికి మెట్ల కింద నీ మోటారు సైకిలు ఉంది. దసరాకి వచ్చి, క్లచ్ బాగాలేదని వదిలేసి, మెట్రోలో పోయావు. మీ బావ దాని మీద పాత దుప్పటి కప్పాడు. దుప్పటి తీసి చూశాను. సైలెన్సరు మీద సాలెపురుగు గూడు కట్టుకుంది. దసరా నుంచి మా మెట్ల కింద ఉన్న బండి, నవంబరులో నీ అరచెయ్యి ఎలా కాల్చింది?

నేను ఇంకేమీ అడగను. ఒక్కటే అడుగుతాను. ఎంత దాకా లెక్కపెట్టావు?

అక్క

జైలు నుంచి,
3 జనవరి 2026

అక్కా,

మూడు.

ఇది చదివాక కాల్చెయ్యి. నీకు కొత్త సంవత్సరం శుభాకాంక్షలు రాయాలని చెప్పి ముంషీని కాగితాలు అడిగాను. అతను లెక్కపెట్టి ఇస్తూ, శుభాకాంక్షలకి ఇన్ని కాగితాలెందుకు అన్నాడు.

సత్‌బీర్ అక్టోబరంతా తిరిగాడు. గడ్డి తీస్తేగాని గోధుమ వెయ్యలేడు, తగలబెడితే అతని మీద కేసు. ఎత్తుతామని మాటిచ్చింది మేమే. మా మిషన్లు వేరే ఊళ్ళలో ఉన్నాయి. అతను గేటు దగ్గర కూలీల ముందు నన్ను అమ్మా ఆలీ తిట్టేవాడు. ఈలోగా రెండు రోజులు వాన పడింది. తడిసిన గడ్డి ఎత్తకూడదు, అది ఎండాలి, అక్షరం వచ్చిన ప్రతివాడికీ తెలుసు. అతని నోరు మూయించాలని నేను తడిగడ్డే కట్టలు కట్టించాను. నాలుగో వామి మధ్యలో వేయించాను. మీటరు చూసేది బయటి కట్టల్నే కదా, కాగితం మీద తేమ సరిగ్గానే రాసుకున్నాను.

నవంబరు 8 పొద్దున చలికి ఆ వామి నడినెత్తి మీద ఆవిరి కనిపించింది. నాకు పెదనాన్న గుర్తొచ్చాడు. ఆరడుగుల ఇనప కడ్డీ దింపించి, పావుగంట ఆగి లాగి పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు. చర్మం కడ్డీకి అంటుకుపోయింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వామి విప్పాలి, యార్డంతా ఆగాలి, తడిగడ్డి ఎత్తించిందెవడని అడుగుతారు. నాలుగు రోజులాగితే చల్లబడుతుందిలే అనుకున్నాను. ఆదివారం నీ చేతి పప్పు తిని, నీకు సైలెన్సరు అని అబద్ధం చెప్పి పడుకున్నాను.

మనిషి పెట్టిన నిప్పు బయటి నుంచి లోపలికి పోతుంది. 13న అది లోపలి నుంచి బయటికి వచ్చింది. నేను కళ్ళారా చూశాను. మంట ఒక్కసారి విచ్చుకున్నప్పుడు పైనున్న ఇద్దరు కూలీలు దూకారు, ఒకడి వీపు అంటుకుంది. వాడి కేకలకి అందరికీ పిచ్చెత్తింది. ‘కిస్నే కియా సాబ్, కిస్నే కియా’ అని అరవైమంది నన్ను చూస్తున్నారు. కొక్కేలు చేతుల్లో ఉన్నాయి. ఎవడు చేశాడో నేను చెప్పాలి. అప్పుడు ట్రాక్టరు గేట్లోకి వచ్చింది. నా చెయ్యి లేచింది. కట్టు కట్టిన చెయ్యే.

మొదటి కొక్కెం భుజంలో దిగింది. కట్టని లాగినట్టే సీటు మీంచి లాగారు. అతను అరవడానికి నోరు తెరిస్తే ఒకడు నోట్లోనే పారకర్రతో పొడిచాడు. మోకాళ్ళు విరిచారు. డీజిలు తెచ్చాడనుకుని ఎవడో ట్యాంకరు కుళాయి తిప్పాడు. నీళ్ళు వచ్చాయి, అక్కా. ధారగా వచ్చి అతని నెత్తురు కలుపుకుని నా బూట్ల కిందికి వచ్చాయి. నీళ్ళని చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పటికి అతను కదులుతున్నాడు. ‘ఆపండి’ అంటే ఆగేవాళ్ళు. నేను అనలేదు.

పోలీసులు ఒక్కడేనా అన్నారు. తమ్ముడున్నాడట అన్నాను. ఆ తమ్ముణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు, పేరు కూడా వాళ్ళే కనుక్కున్నారు.

లాయరు మాట నువ్వే రాశావు. ఇది బయటపడితే నేను ఇక్కడే ముసలివాణ్ణవుతాను. కాల్చెయ్యి. నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు.

క్రాంతి

సరోజినీ నగర్,
16 జనవరి 2026

ఈ ఉత్తరం ముంషీ ముందు చదవకు. అక్క ఆరోగ్యంగా ఉందట అని చెప్పి మడిచి లోపలికి తీసుకుపో.

క్రాంతీ,

కాల్చలేదు. కాలుద్దామని స్టవ్ వెలిగించాను కూడా. మీ బావ చూసి ఏమిటది అని లాక్కున్నాడు. సగం చదివి, వెంటనే తగలబెట్టు అన్నాడు. ఆయన ఆ మాట అన్నాకే నాకు కాల్చబుద్ధి కాలేదు. తిరిగి ఇమ్మంటే చెయ్యెత్తాడు. పాతికేళ్ళ కాపురంలో మొదటిసారి. నేను పచ్చడిబండ తీశాను. అదీ మొదటిసారే. కాగితం ఇచ్చేశాడు. లాయరుగారు ఫోన్లో, “అలాంటి ఉత్తరం నేను వినలేదు, మీరు చెప్పలేదు” అన్నాడు.

ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున తేజశ్రీని కూర్చోబెట్టాను. దానికి తెలుగు అర్థమవుతుంది గాని చదవడం రాదు. నేను చదివాను, అది హిందీలో రాసింది. ఒక్క ముక్క వదల్లేదు. నీళ్ళ దగ్గరికొచ్చేసరికి పెన్ను పెట్టేసింది. “మామూ దేఖ్ రహే థే?” అంది. చూస్తూ నిలబడ్డాడు, రాయి అన్నాను. రాసింది. తర్వాత బాత్రూములో వాంతి చేసుకుంది. ఇప్పుడు ‘మామూ’ అనే మాట మా ఇంట్లో వినపడటం లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని నువ్వనుకోవచ్చు. కానీ కాలింది నీ చెయ్యి ఒక్కటే కాదు. అందుకని బస్సెక్కి బడ్‌ఖేడీ వెళ్ళాను, ఒక్కదాన్నే. ధరమ్‌వతి తలుపు తీసి, నన్ను చూసి కొడవలి తీసుకుంది. నేను గుమ్మంలోనే కూలబడ్డాను. నరికితే నరకమనే కూర్చున్నాను. ఎంతసేపటికీ నరకలేదు, తిట్టలేదు, కొడవలి పక్కన పెట్టి గేదెకి మేత వేసుకుంటూ మాట్లాడింది. ట్యాంకరు చూపించింది. కొక్కేల దెబ్బలకి పడిన సొట్టలున్నాయి. గోధుమ మోకాలెత్తు వచ్చింది. చెప్పాలని వెళ్ళినది చెప్పలేకపోయాను. అది నీ నోటి మాట, నా నోట రాలేదు.

ఇప్పుడు విను. ఆవిడ మరిది పేరు జశ్వంత్. గుర్‌గావ్‌లో గోదాం సూపర్‌వైజరు. నిప్పు పెట్టాడంటున్న రోజున డ్యూటీలో ఉన్నాడు. ఆయన నీ జైల్లోనే ఉన్నాడు. కేసు నంబర్లు వేరు గనక కలిపి ఉంచారని ఎవరూ గమనించలేదట. చదువుకున్నవాడు గనక ఆఫీసులో కూర్చుంటాడు. ఒక మద్రాసీ వచ్చి వాళ్ళక్క ఉత్తరాలు చదివి వినిపిస్తాడనీ, చదివేది అబద్ధమని మొహం చూస్తే తెలుస్తుందనీ, ఏదో ఒక రోజు నోరు జారతాడని ఆగుతున్నాననీ వదినకి చెప్పాడట. ఎవరో ఆకుపచ్చ స్వెట్టరు కూడా పంపారని చెప్పాడట.

నిన్ను నావాడన్నది అందుకురా. వేరేవాళ్ళ చేతిలో చావకుండా దాచుకున్నాడు.

ఫిబ్రవరి 2న వాయిదా. తేజశ్రీ రాసిన కాగితం, దానితో నీ ఉత్తరం, రెండూ తీసుకుని వస్తాను. ఆ రోజు జడ్జిగారి ముందు పెడతాను. ఈలోగా నువ్వే చెబితే, అది నా తమ్ముడు చెప్పినది అవుతుంది. చెప్పకపోతే నేను పట్టించినది అవుతుంది. ఏదైనా జశ్వంత్ ఇంటికి పోవాలి. నువ్వు ముసలివాడివయ్యేదాకా నేను వస్తూనే ఉంటాను, మీ బావ ఏ రిజిస్టరులో పేరు ఎక్కద్దన్నా సరే.

ఎనిమిది, తొమ్మిది గబగబా చెప్పి వదిలెయ్యకు.

అక్క

జైలు నుంచి,
24 జనవరి 2026

అక్కా,

ఎడమచేత్తో రాస్తున్నాను. వంకర అక్షరాలు చూసి కంగారుపడకు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కవరు విప్పింది ముంషీయే. ఆకుపచ్చ స్వెట్టరు వేసుకుని ఉన్నాడు. నేను మొదటి వాక్యం చూసి, అక్క ఆరోగ్యంగా ఉందట అన్నాను. మడవబోయాను. అతను తలెత్తకుండానే, “మీ దీదీ మా ఇంటికి వచ్చింది. వదిన చెప్పింది. ఈరోజు సరిగ్గా చదువు” అన్నాడు.

నిలబడి చదివాను. నీ ఉత్తరం మొదటి అక్షరం నుంచి చివరి దాకా, ఉన్నది ఉన్నట్టు. బావ చెయ్యెత్తడం, పచ్చడిబండ, తేజశ్రీ వాంతి, కొడవలి, గోధుమ, స్వెట్టరు, అన్నీ. నీ ఉత్తరంలో లేనిది కూడా, మూడు లెక్కపెట్టిన సంగతి, నీళ్ళు వచ్చాక కూడా నోరు తెరవని సంగతి, నోటితోనే చెప్పాను. రెండు నెలల్లో ఆ ఆఫీసులో నేను నిజం చదవడం అదే మొదలు. అతను ఒక్కసారి కూడా ఆపలేదు. రిజిస్టరులో రాసుకుంటూ పోయాడు.

అయ్యాక స్వెట్టరు విప్పాడు. మడతపెట్టి నా వైపు తోశాడు. “చెయ్యి చూపించు” అన్నాడు. బల్ల మీద పెట్టాను. మచ్చని వేలితో తడిమాడు. రిజిస్టర్లు కుట్టే దబ్బనం పక్కనే ఉంది. అది మచ్చ మధ్యలో ఆనించి, “గిన్” అన్నాడు. లెక్కపెట్టమని.

లాక్కోవచ్చు, వాకిట్లో వార్డరు ఉన్నాడు. లాక్కోలేదు. రెండో అంకెకి దబ్బనం బల్ల చెక్కని తాకింది. ఏడు దగ్గర నాకు చిన్నప్పటిలాగే వదిలెయ్యాలనిపించింది. వదల్లేదు. తొమ్మిది దగ్గర అతను ఏడవడం మొదలుపెట్టాడు. నేను పది అన్నాను. అతను దబ్బనం లాగేశాడు.

అప్పుడు వార్డర్లు వచ్చారు. బల్లంతా నెత్తురు. ముంషీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నన్ను కిందపడేసి మోకాళ్ళ మీద లాఠీలు వేశారు. “కిస్నే కియా? చూపించు” అన్నారు. మళ్ళీ అదే ప్రశ్న అక్కా, అందరూ నన్నే చూస్తున్నారు, ఎవడు చేశాడో నేను చెప్పాలి. అతని పేరు అంటే విచారణ ఖైదీ మీద ఇంకో కేసు పడుతుంది, మళ్ళీ ఇంటికి పోడు. నేనే పొడుచుకున్నానంటే మళ్ళీ అబద్ధం. లాఠీ విరిగేదాకా అడిగారు.

నేను చెయ్యి ఎత్తలేదు.

సాయంత్రం సూపరింటెండెంటుకి అర్జీ పెట్టాను. నిప్పు ఎలా పుట్టిందో, ఎవరు ఎవరి పేరు చెప్పారో అంతా ఉంది. నాకు హిందీ రాయడం రాదు, చెయ్యి కూడా లేదు. నేను చెబుతుంటే రాసింది జశ్వంతే.

2న రా. ఈసారి తెర వైపు తిరిగే కూర్చుంటాను. స్వెట్టరు ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను, ధరమ్‌వతిగారికి ఇచ్చెయ్యి, ఆయన బయటికి వచ్చే రోజుకి చలి ఇంకా ఉంటుందేమో.

నీ తమ్ముడు,
క్రాంతి